సమస్యాపూరణం: కోట లేని వీధి కోటవీధి

సంచాలకుడు: నిన్న విశాఖ కురుపాం మార్కెట్‌లో పసుపు కొని, వన్‌టౌన్ సందుల్లో దారి తప్పాను. ఓ కుర్రాణ్ని అడిగితే "ఇదే కోటవీధండీ" అన్నాడు. "కోటేదిరా?" అంటే నన్ను ఎగాదిగా చూశాడు. ఈ వారం మీరు పూరించాల్సిన పద్యానికి చివరి పాదం ఆ చూపుదే.

కోట లేని వీధి కోటవీధి

అరుగు అవధాని:
రాళ్లు కరిగిపోయె రాజ్యాలు మారెను
పేరు మాత్రమిచట నిలిచిపోయె
పోస్టు తెచ్చువాడు పోల్చుకొనును నేడు
కోట లేని వీధి కోటవీధి

లైట్‌హౌస్ మావయ్య: పాత పోస్టాఫీసు పక్కనుండి పోస్టుమేన్ని పట్టుకొచ్చారు, భేష్. కానీ రెండో పాదం మొదట్లో ‘పే’కి మధ్యలో జోడీ అక్షరం ‘ని’ ఏమిటండీ? యతి కాలవలో పడింది.

అరుగు అవధాని: పడింది, నిజమే. "పేరు మాత్రమిచట పేరుకొనియె". ఇప్పుడు సరే కదా?

యతిమిత్ర: పొరపాటు భలే కలిసొచ్చింది! నెయ్యి పేరుకున్నట్టు పేరు పేరుకుంది.

లైట్‌హౌస్ మావయ్య: ఇక నాది.
బుస్సి వచ్చినపుడు బురుజు లుండెను గాని
బస్సు వచ్చువేళ బయలె కాదె
చూచుకొనుడు నేడు చోద్యంబు మీరలు
కోట లేని వీధి కోటవీధి

అరుగు అవధాని: బుస్సి, బస్సు బావున్నాయి, ఒప్పుకున్నాను. ఫ్రెంచి సేనాని బుస్సీ 1757లో వచ్చి విశాఖ పట్టుకున్నాడు, మరుసటి ఏడాదే విజయనగరం ఆనందరాజు లాక్కున్నాడు. అదంతా సరే, ఆ సందులోకి బస్సెప్పుడొచ్చింది మావయ్యా? ఎదురుగా ఆటో వస్తే అరుగెక్కి నిలబడాలి.

యతిమిత్ర: ఈయనకిది అలవాటే. మార్గశిరంలో ‘బురుజుపేట’ పాదమిస్తే యతి కోసం కనకమహాలక్ష్మి గుడికి కప్పు వేయించారు. ఆ తల్లికి కప్పే లేదని, ఎవరి చేత్తో వాళ్లే పసుపూ కుంకుమా పెట్టుకోవచ్చని ఊరందరికీ తెలుసు.

లైట్‌హౌస్ మావయ్య: అది పోయినేటి సంగతి. దానికి క్షమాపణ కూడా చెప్పాను, ఆటవెలదిలోనే.

యతిమిత్ర: ఆ ఆటవెలదిలోనూ ఓ గణం తప్పింది.

సంచాలకుడు: ఆ గొడవ మళ్లీ వద్దు. మావయ్యా, మీ మూడో పాదం ఉత్త భర్తీ సరుకు. "చూచుకొనుడు" అంటే ఏం చూడాలి?

లైట్‌హౌస్ మావయ్య: సరే, మార్చాను.
ఉప్పుగాలి కొరుకునొక్క గోడ మిగిలె

యతిమిత్ర: ఇదీ పాదమంటే! సముద్రం వాసన కొట్టింది. నాలుగు నెలలకోసారి నా పంచలో రంగు పెచ్చులూడిపోవడం గుర్తొచ్చింది.

అరుగు అవధాని: పాదం బాగుంది. కానీ ఆ గోడ కోటది కాదు మావయ్యా, మా అత్తయ్య వాళ్ల పెరటిది. మొన్నే సున్నం వేయించింది.