మెక్‌వారియర్ ఆన్‌లైన్: మొదటి మెక్‌గా ఏది కొనాలి, దానికి ఏమేమి అమర్చాలి?

ప్రశ్న (కొత్త పైలట్)

అందరికీ నమస్కారం. మెక్ అనే నడిచే భారీ యుద్ధయంత్రాన్ని నడుపుతూ జట్టుగా పోరాడే ఈ ఆట నేను మొదలుపెట్టి మూడు వారాలు కావస్తోంది. ఇంతవరకు ఉచితంగా దొరికే ట్రయల్ మెక్‌లతోనే ఆడుతూ వచ్చాను. వాటిలో ఆయుధాలు గాని ఇంజిన్ గాని మార్చుకునే వీలు లేదు కాబట్టి, ఓడిపోయినప్పుడు తప్పు నా ఆటలో ఉందో, మెక్ అమరికలో ఉందో తేల్చుకోలేకపోతున్నాను. కొత్తవారికి మొదటి మ్యాచ్‌లలో అదనంగా ఇచ్చే సి-బిల్లులను (ఆటలోని డబ్బును) ఖర్చు పెట్టకుండా దాచుకున్నందువల్ల ఇప్పుడు సొంతంగా ఒక మెక్ కొనుక్కోగలను. అయితే ఒక్కటే కొనగలను. నచ్చక అమ్మితే సగం ధరే చేతికి వస్తుంది కనుక, కొనే ముందే మీ అందరి సలహా తీసుకోవాలనుకున్నాను.

నా మనసులో 100 టన్నుల అట్లాస్, 50 టన్నుల హంచ్‌బ్యాక్ ఉన్నాయి. అట్లాస్ అయితే ఎక్కువ దెబ్బలు తట్టుకుంటుందని ఆశ. కానీ ట్రయల్ అట్లాస్‌తో ఆడిన ప్రతిసారీ జట్టు ముందుకు వెళ్ళిపోయేది, నేను వెనకబడి ఒంటరిగా దొరికిపోయేవాడిని. అలాగని 35 టన్నుల లోపు లైట్ మెక్‌లు ఎక్కితే ఎవరు కొట్టారో తెలిసేలోపే మ్యాచ్ ముగిసేది. ఏ బరువు తరగతితో మొదలుపెట్టాలి? బరువు తక్కువుండే ఎక్స్‌ఎల్ ఇంజిన్ తప్పనిసరా? ఆయుధాలను ఏ లెక్కన ఎంచుకోవాలి? దయచేసి కారణాలతో సహా చెప్పండి.

జవాబు 1 (పాత హంచ్‌బ్యాక్)

కొత్త పైలట్ గారూ, అట్లాస్‌ను ఇప్పుడే కొనవద్దు. ఈ ఆటలో మెక్ వేగం ఇంజిన్ రేటింగును మెక్ బరువుతో భాగించి 16.2తో గుణిస్తే వస్తుంది. 100 టన్నుల మెక్‌లో 300 రేటింగు ఇంజిన్ పెడితే గంటకు 48.6 కిలోమీటర్లు, 50 టన్నుల మెక్‌లో 250 ఇంజిన్ పెడితే 81 కిలోమీటర్లు. పన్నెండు మంది జట్టు ఎటు కదులుతుందో ముందే పసిగట్టడం ఇంకా అలవాటు కాని ఆటగాడికి, తప్పు చోట నిలబడ్డానని గ్రహించిన తరువాత వెనక్కు వచ్చే అవకాశం ఇచ్చేది వేగమే. అట్లాస్‌లో ఆ అవకాశం ఉండదు. అక్కడ ఎక్కడికి వెళ్ళాలన్న నిర్ణయం మ్యాచ్ మొదటి నిమిషంలోనే జరిగిపోవాలి, ఆ నిర్ణయం సరిగా తీసుకోవడానికి పటాలన్నీ కంఠస్థమై ఉండాలి.

హంచ్‌బ్యాక్‌లో రకాలున్నాయి. నేను సూచించేది హెచ్‌బీకే-4పీ. దీనికి ఉన్నవన్నీ ఎనర్జీ హార్డ్‌పాయింట్లే (లేజర్ల వంటివి అమర్చే చోట్లే): కుడి మొండెంలో ఆరు, చెరొక చేతిలో ఒకటి, తలలో ఒకటి. అంటే మందుగుండు అయిపోవడం, అది లోపలే పేలిపోవడం అనే రెండు బెడదలూ ఉండవు. మీరు గమనించాల్సింది లేజర్లు పేల్చినప్పుడు మెక్‌లో పెరిగే వేడి ఒక్కటే. నేర్చుకునేవారికి ఒకేసారి ఒకే విషయం మీద దృష్టి పెట్టే వీలుండడం చాలా అవసరమని నా అభిప్రాయం.

నేను వాడే అమరికను టన్నుల లెక్కతో సహా చెబుతాను. మామూలు నిర్మాణానికి మెక్ బరువులో పదో వంతు, అంటే 5 టన్నులు పోతుంది. 250 రేటింగు స్టాండర్డ్ ఇంజిన్ 18.5 టన్నులు తూగుతుంది. అందులోనే పది హీట్ సింకులు (వేడిని తగ్గించే పరికరాలు) ఇమిడి ఉంటాయి. ఒక్కో టన్నుకు 32 పాయింట్ల చొప్పున కవచం వస్తుంది. ఈ మెక్ గరిష్ఠ కవచం 338 పాయింట్లు కనుక 10.5 టన్నులతో అది దాదాపు పూర్తిగా నిండుతుంది. ఇక మిగిలేది 16 టన్నులు. అందులో ఎనిమిది మీడియం లేజర్లకు ఎనిమిది టన్నులు, ఎనిమిది డబుల్ హీట్ సింకులకు (వేడిని ఇంకా బాగా తగ్గించే రకానికి) మరో ఎనిమిది టన్నులు. సరిగ్గా యాభై. తల హార్డ్‌పాయింటును ఖాళీగా వదిలేయండి. డబుల్ హీట్ సింకులకు మార్చుకోవడానికి అయ్యే ఖర్చు గురించి మాత్రం వెనకాడవద్దు. మీరు పెట్టే మొదటి సి-బిల్లులు దానికే పెట్టాలి.

ఎండో స్టీల్ అనే తేలిక నిర్మాణం వేస్తే దాని బరువు సగమై 2.5 టన్నులు మిగులుతుందని చాలామంది చెబుతారు, అది నిజమే. కానీ అది 14 స్లాట్లు (మెక్ లోపల పరికరాలు పెట్టే గడులు) ఆక్రమిస్తుంది, ఒక్కో డబుల్ హీట్ సింకుకు మూడు స్లాట్లు కావాలి. అంటే బరువు మిగిలినా, మరిన్ని హీట్ సింకులకు చోటు మిగలదు. కాబట్టి ఎండో స్టీల్‌ను తరువాత ఎప్పుడైనా కాస్త పెద్ద ఇంజిన్ పెట్టాలనుకున్నప్పుడు ఆలోచించవచ్చు.

ఎక్స్‌ఎల్ ఇంజిన్ విషయంలో నా మాట ఖచ్చితం: హంచ్‌బ్యాక్‌లో వద్దు. 250 రేటింగుకు అది 6 టన్నులు ఆదా చేస్తుంది, అంతవరకు ఆకర్షణీయమే. కానీ ఇన్నర్ స్ఫియర్ (ఆటలోని రెండు పక్షాల్లో ఒకటి, హంచ్‌బ్యాక్ దీనిదే) ఎక్స్‌ఎల్ రెండు పక్క మొండేల్లోకీ మూడేసి స్లాట్ల చొప్పున విస్తరించి ఉంటుంది, ఆ రెండింటిలో ఏ ఒక్కటి కూలినా మెక్ మొత్తం పోతుంది. హంచ్‌బ్యాక్ కుడి భుజం మీది మూపురం దూరం నుంచే కనిపిస్తుంది. ఈ ఆటలో కొంత అనుభవం ఉన్న ప్రతి శత్రువూ ముందుగా అక్కడికే గురి పెడతాడు. ప్రాణాన్ని తీసుకెళ్ళి అక్కడే పెట్టడం ఎందుకు? మరో పక్షమైన క్లాన్ మెక్‌ల ఎక్స్‌ఎల్ వేరు. ఒక పక్క పోయినా అవి నిలబడతాయి. కాబట్టి క్లాన్ ఆటగాళ్ళ సలహాను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోకండి.

జవాబు 2 (నెమ్మది అడుగు)

పై జవాబులోని లెక్కలతో నాకు పేచీ లేదు, కానీ ముగింపుతో ఏకీభవించలేను. ఆయుధాల్లో ముప్పాతిక వంతు ఒకే పక్క మొండెంలో ఉన్న మెక్‌ను కొత్తవారికి సూచించడం సరైనదేనా అన్నది నా సందేహం. 4పీలో కుడి మొండెం కూలితే దానితో పాటు కుడి చెయ్యి కూడా ఊడిపోతుంది, ఎనిమిది లేజర్లలో ఎడమ చేతిలోని ఒక్కటే మిగులుతుంది. స్టాండర్డ్ ఇంజిన్ వల్ల మెక్ బతికి ఉండవచ్చు గాని, ఆ ఒక్క లేజర్‌తో జట్టుకు చేయగలిగేది తక్కువ.

నా సలహా హెవీ తరగతి, అంటే 60 నుంచి 75 టన్నుల మధ్యవి. ఉదాహరణకు 70 టన్నుల వార్‌హామర్‌కు గరిష్ఠ కవచం 434 పాయింట్లు, 300 ఇంజిన్‌తో వేగం గంటకు 69 కిలోమీటర్ల పైచిలుకు. జట్టు మధ్యలో నడవడానికి అది చాలు. ఆయుధాలు రెండు చేతుల్లోనూ, రెండు పక్కలా పంచి ఉంటాయి కనుక ఒక వైపు పోయినా సగం పోరాటం మిగులుతుంది. తొలి రోజుల్లో నేను మీడియం మెక్‌లతోనే ఆడాను, ఒక్క పొరపాటు అడుగుతో సగం కవచం పోగొట్టుకుని మిగిలిన మ్యాచంతా దాక్కుంటూ గడపవలసి వచ్చేది. హెవీలోకి మారాక అదే పొరపాటు చేసినా, ఎక్కడ పొరపడ్డానో చూసుకోవడానికి సమయం దొరికింది.

ఏ తరగతి కొన్నా ఒక పని మాత్రం చేయండి. వీపు వైపు కవచం కొంత తగ్గించి ముందుకు మార్చండి. జట్టుతో కలిసి నడిచేవారికి వీపు మీద దెబ్బ తగిలే సందర్భాలు తక్కువ, తగిలితే మాత్రం ఆ కొద్ది పాయింట్లు ఉన్నా పెద్దగా ఆపలేవు.

జవాబు 3 (వేడిమాపకం)

మెక్ ఏదన్నది మీ ఇద్దరి మధ్య ఉండనివ్వండి. ఆయుధాల ఎంపిక గురించి ఒక మాట. అన్నీ ఒకే దూరంలో పనిచేసేవి పెట్టుకోవడం మేలు. కొత్తవారి అమరికల్లో నేను తరచుగా చూసేది దూరానికి ఒక ఎల్‌ఆర్‌ఎమ్ (దూరపు క్షిపణులు), దగ్గరకు రెండు మీడియం లేజర్లు, మధ్యకు ఒక ఆటోకానన్ (గుండ్లు పేల్చే పెద్ద తుపాకి). అప్పుడు ఎంత దూరంలో నిలబడినా మోసుకొచ్చిన టన్నుల్లో సగం పనికిరాకుండానే ఉంటాయి. మీడియం లేజర్ పూర్తి బలం సుమారు 270 మీటర్ల వరకు. దాన్ని నమ్ముకుంటే మిగిలినవన్నీ ఆ దూరానికే కుదిరేవి ఉండాలి.

ఎల్‌ఆర్‌ఎమ్‌లు కొండ వెనక నిలబడి పేల్చవచ్చు కనుక కొత్తవారిని ఆకర్షిస్తాయి. ఇన్నర్ స్ఫియర్ ఎల్‌ఆర్‌ఎమ్ 180 మీటర్ల లోపు పనిచేయదు. ఆ లోపలికి ఒక లైట్ మెక్ చొరబడితే చేతులు కట్టేసినట్టే. పైగా వెనక దాక్కోవడం అలవాటైతే ముందు వరుసలో ఎలా నిలబడాలో ఎప్పటికీ తెలియదు.

ఇంకొకటి. ఎనిమిది లేజర్లనూ ఒకే బటన్‌కు కట్టకండి. ఒకే రకం ఆయుధాలను పరిమితికి మించి అర సెకను లోపల పేల్చితే, ఆటగాళ్ళు ఘోస్ట్ హీట్ అని పిలిచే అదనపు వేడి వచ్చి పడుతుంది. నాలుగేసి చొప్పున రెండు గ్రూపులు చేసి ఒకదాని తరువాత ఒకటి పేల్చండి.

మరో రకమైన హంచ్‌బ్యాక్ 4జీ మీద మనసుపడి ఆటోకానన్ 20 పెట్టాలనుకునేవారికి కూడా ఒక చిన్న లెక్క: ఆ తుపాకికి 10 స్లాట్లు కావాలి, పక్క మొండెంలో ఉండేవి 12. ఎక్స్‌ఎల్ మూడు తినేస్తే తొమ్మిదే మిగులుతాయి, కాబట్టి అది అసలు పట్టదు. లైట్ ఇంజిన్ అనే మరో తేలిక రకం రెండే తీసుకుంటుంది కనుక సరిగ్గా పడుతుంది, పైగా ఒక పక్క కూలినా అది ఆగిపోదు.

కొత్త పైలట్

అందరికీ ధన్యవాదాలు. చివరకు 4పీనే కొన్నాను. నెమ్మది అడుగు గారి మాట సబబుగానే తోచింది గాని, వెనకబడిపోవడమే నా అసలు బాధ కనుక వేగం వైపు మొగ్గాను. మ్యాచ్‌కు వెళ్ళే ముందు టెస్టింగ్ గ్రౌండ్స్‌లో ఫ్రోజెన్ సిటీలోనూ, టెర్రా థర్మాలోనూ ఒకే వరుసలో లేజర్లు పేల్చి చూశాను. మంచు పటంలో నిశ్చింతగా సాగిన వరుస, లావా పటంలో మెక్‌ను మధ్యలోనే ఆపేసింది. అమరిక అదే అయినా పటాన్ని బట్టి పేల్చే తీరు మారాలని అప్పుడు అర్థమైంది.

ఐదు మ్యాచ్‌లు ఆడితే మూడింటిలో కుడి మొండెం ముందు పోయింది. దాన్ని కాపాడుకోవడం ఎలా?

జవాబు 1 (పాత హంచ్‌బ్యాక్)

మీ ఎంపిక నాకు సంతోషం కలిగించింది. ముందుగా, గోడ గాని బండ గాని మీకు ఎడమ వైపున ఉండేలా నిలబడండి. అప్పుడు కుడి పక్కకు ఒక అడుగు వేస్తే మూపురం మాత్రమే బయటికి వస్తుంది, కొట్టి వెనక్కు తగ్గవచ్చు; గోడ కుడి వైపున ఉంటే ఒక్క లేజర్ పేల్చడానికి ఒళ్ళంతా బయటపెట్టాలి. దిబ్బలు కూడా మీకు మంచి చోట్లే, ఎందుకంటే ఆ ఆరు లేజర్లు ఎత్తులో ఉంటాయి కనుక మూపురం, తల తప్ప మిగిలినదంతా దిబ్బ చాటున ఉంచి కొట్టవచ్చు.

లేజర్ కిరణం లక్ష్యం మీద ఆగి ఉన్నంతసేపే దెబ్బ తగులుతుంది కనుక అంతవరకు మీరు శత్రువు వైపు చూడక తప్పదు. కిరణం ఆరిన మరుక్షణం నడుమును కుడికి తిప్పండి. ఎడమ భుజం, ఎడమ చెయ్యి శత్రువుకు అడ్డంగా వస్తాయి. ఆ చేతిలో ఉన్నది ఒకే లేజర్ కాబట్టి అది పోయినా మీకు పెద్ద నష్టం లేదు. అందుకే ఎడమ చేతి కవచాన్ని మాత్రం ఎప్పుడూ తగ్గించకండి. లేజర్లు మళ్ళీ సిద్ధమయ్యే కొద్ది సెకన్లూ ఆ పక్కకే తిరిగి ఉండి, తరువాత మళ్ళీ ఎదురుగా వచ్చి కొట్టండి.