పెంటాక్స్ కె1000 ఫిల్మ్ కెమెరా బాగానే ఉంది, కలర్ రీళ్లే చెడుతున్నాయి. తప్పెక్కడ?

రీలు36: షట్టర్, మీటరు సరిచూసినవే. రీలు గడువులోపుదే, ఫ్రిజ్‌లో దాచినదే. కడిగిస్తే నీడలు ఆకుపచ్చగా, వెలుతురు చోట్లు గులాబీగా వస్తున్నాయి. స్కాన్‌లో ఒకటి సరిచేస్తే రెండోది పాడవుతోంది.

మినీల్యాబ్: అది కెమికల్ తప్పండీ. కలర్ నెగటివ్ రీళ్లు కడిగే పద్ధతి సీ-41. దాని డెవలపర్‌లో 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి. వేడి కాస్త తప్పినా, కెమికల్ బలం తగ్గినా మూడు రంగుల పొరలూ సమంగా డెవలప్ కావు.

అసలు చిక్కు ఏంటంటే, రోజూ రీళ్లు పడతాయన్న లెక్కతోనే రీళ్లు కడిగే మిషన్ చేశారు. పడిన రీళ్లను బట్టి కొత్త కెమికల్ తనే కలుపుకుంటుంది. పెళ్లి ఫోటోగ్రాఫర్లు డిజిటల్‌కి మారాక ఆ రాక ఆగింది. ట్యాంకులో నిలవున్న డెవలపర్‌కి గాలి తగిలి బలం పోతుంది. ప్రింటు మిషన్ మాత్రం డిజిటల్ ఫైళ్ల మీద బతికింది. కోడాక్ వారి కలర్ స్లైడ్ ఫిల్మ్ కోడాక్రోమ్ గతీ ఇంతే: తయారీ ఆపింది 2009లో, అమెరికాలో కాన్సస్‌లోని చివరి ల్యాబ్ 2010 డిసెంబరు 30తో రీళ్లు తీసుకోవడం మానేసింది. ఆ తర్వాత మిగిలిన రీళ్లకు రంగు ఫోటోల ఆశ పోయింది.

రీలు ఇచ్చేముందు రెండే అడగండి: వారానికి ఎన్ని కడుగుతున్నారు, కంట్రోల్ స్ట్రిప్ (కెమికల్ సరిగా ఉందో చూసే పరీక్ష ఫిల్మ్ ముక్క) ఎప్పుడు వేశారు.

చీకటిగది: బ్లాక్ అండ్ వైట్ అయితే ల్యాబ్ గొడవే లేదు. హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్‌కి డీ-76 డెవలపర్ పలచన చేయకుండా 20 డిగ్రీల్లో ఏడున్నర నిమిషాలు. మన ఎండాకాలం ట్యాంకు నీళ్లు 32 దాటతాయి, ఆ వేడికి టైమ్ ఐదు నిమిషాల లోపు పడిపోయి చారలొస్తాయి. సీసాలను ఐసు నీళ్ల టబ్బులో నిలబెట్టండి. ఐసు నేరుగా వేస్తే కెమికల్ పలచనవుతుంది. ఫిక్సర్ (డెవలప్ అయిన బొమ్మను నిలిపే కెమికల్), కడిగే నీళ్లు కూడా అదే చల్లదనంలో ఉండాలి, లేకుంటే ఫిల్మ్ మీది ఎమల్షన్ పొర ముడతలు పడుతుంది.

ఫిక్సర్ టైమ్ కోసం ముందు లీడర్ (రీలు మొదట్లో ఫోటోలు పడని చివర) ముక్క ముంచి చూడండి. అది తేటపడటానికి పట్టిన సమయానికి రెట్టింపు చాలు. చివరి కడుగుకి బోరు నీళ్లు మాత్రం వద్దు, ఆరాక తెల్ల మచ్చలు మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో ఫొటో-ఫ్లో (నీటి మచ్చలు పడనివ్వని ద్రవం) 1:200 పాళ్లలో కలపండి.

లెన్సుమూత: కెమెరా వెనక తలుపు గాడిలో వెలుతురు ఆపే ఫోమ్ కూడా చూడండి. పాతబడితే జిగురవుతుంది, వెలుతురు దూరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, టూత్‌పిక్‌తో గీకి కొత్తది అంటించండి. అద్దానికి, ఫోకసింగ్ స్క్రీన్‌కి మాత్రం ఆ చుక్క తగలనీయొద్దు. ఇంకోటి, కె1000 మీటరుకు ఆఫ్ స్విచ్ లేదు. లెన్సుకి మూత పెట్టకపోతే ఎల్ఆర్44 బ్యాటరీ ఊరికే అయిపోతుంది.

రీలు36: ఫోమ్ తప్పా, కెమికల్ తప్పా అని నెగటివ్ చూసి చెప్పగలమా?

మినీల్యాబ్: చెప్పొచ్చు. వెలుతురు దూరితే ఒక అంచునుంచి మరక మొదలై, ఫ్రేముల మధ్య ఖాళీలోకి, పళ్ల రంధ్రాల దాకా పాకుతుంది. కెమికల్ అయితే రీలంతా ఒకే తీరు. ఇంకా అనుమానముంటే ఒకే రకం రెండు రీళ్లలో ఒకే దృశ్యం తీసి రెండు ల్యాబ్‌లకు ఇవ్వండి.