పెద్ద వయసులో బీపీ ఎంత వరకు దించాలి? మతిమరుపుకు రక్తనాళాలే కారణమా?

మౌలాలి_అమ్మాయి:
అమ్మకు 71. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం, చెప్పిందే మళ్లీ చెప్పడం ఈ మధ్య బాగా పెరిగింది. ఎమ్మారై తీయిస్తే మెదడులో తెల్ల మచ్చలున్నాయన్నారు. సన్న రక్తనాళాలు దెబ్బతిన్న గుర్తులట. బీపీ పై నంబర్ 150 ఉంటోంది, 130 లోపుకు తేవాలని ఇంకో మాత్ర రాశారు. మామయ్య ఒప్పుకోవడం లేదు. "వయసుకు వంద కలుపుకో, అంత వరకు ఉండొచ్చు. మరీ దించితే మెదడుకు రక్తం అందదు" అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

నల్లకుంట_నివాసి:
మామయ్యగారిది పాత లెక్కండీ. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే, కానీ ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో ఐదో వంతు దానికే పోతుంది. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువుంటే ఆ సన్న నాళాల గోడలు మందమెక్కి, బిరుసెక్కి, లోపలి దారి ఇరుకవుతుంది. అప్పుడు పైన బీపీ ఎంతున్నా లోపలికి రక్తం సరిగ్గా చేరదు. అమెరికాలో స్ప్రింట్ అనే పరిశోధనలో 50 ఏళ్లు దాటిన 9 వేల మందికి పైగా తీసుకుని, సగం మందికి బీపీ 120 లోపు, సగం మందికి 140 లోపు పెట్టి చూశారు. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం, డిమెన్షియాకు (రోజువారీ పనులు కూడా చేసుకోలేనంతగా మతి తగ్గిపోయే జబ్బుకు) ముందుండే మతిమరుపు దశ 120 వాళ్లలో 19 శాతం తక్కువ. తెల్ల మచ్చలు పెరగడమూ తగ్గింది. మన ఇళ్లలో జరిగేది వేరు. "తలనొప్పేం లేదు కదా" అని మాత్ర మానేస్తారు. నెలాఖరుకు చూస్తే షీట్‌లో సగం మాత్రలు అలాగే ఉంటాయి.

బోడుప్పల్_మాస్టారు:
సగమే చెప్పారు. అదే స్ప్రింట్‌లో అసలు డిమెన్షియా తగ్గిందని గట్టిగా తేలలేదు. పైగా షుగర్ ఉన్నవాళ్లను, పక్షవాతం వచ్చినవాళ్లను అందులో చేర్చుకోలేదు. హైదరాబాద్‌లో షుగర్ లేని పెద్దవాళ్లు ఎన్ని ఇళ్లలో ఉన్నారు? షుగర్ వాళ్ల మీద చేసిన అకార్డ్ పరీక్షలో 120కి దించినా జ్ఞాపకశక్తికి లాభం కనబడలేదు, మెదడు పరిమాణం ఇంకాస్త ఎక్కువే తగ్గింది. మా నాన్నగారికి డోసు పెంచాక, రాత్రి బాత్రూమ్‌కి లేచి గుమ్మం దగ్గర కళ్లు తిరిగి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. మంచాన పడ్డాకే మనుషుల్ని గుర్తుపట్టడం తగ్గిపోయింది. ఈ నష్టం ఏ లెక్కలోకి వస్తుంది?

నల్లకుంట_నివాసి:
నాన్నగారి సంగతి చదివి చాలా బాధేసింది మాస్టారూ. మీ భయం న్యాయమైనదే. కానీ డిమెన్షియా తగ్గదని ఇప్పుడు అనలేం. చైనాలో 326 పల్లెల్లో దాదాపు 34 వేల మంది మీద చూశారు. సగం పల్లెల్లో ఊరి వైద్యులే మందులిచ్చి, వెంటపడి, బీపీ 130/80 లోపు ఉండేలా చేశారు. నాలుగేళ్లలో అక్కడ డిమెన్షియా 15 శాతం తక్కువ. ఇది 2025లో ప్రచురించారు. మన బస్తీ దవాఖానాల్లో చేయగలిగిన పనే.

ఇంకో సంగతి. స్ప్రింట్‌లో మనిషిని ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, మెషీన్‌తో మూడుసార్లు చూశారు. మన దగ్గర మెట్లెక్కి, టోకెన్ కోసం తోసుకుని, రొప్పుతూ కూర్చోగానే పట్టీ చుట్టేస్తారు. ఆ 120ని, ఈ 150ని పక్కపక్కన పెట్టి చూడకూడదు. మౌలాలి గారూ, అమ్మగారిని ఇంట్లో ప్రశాంతంగా కూర్చోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు ఇంకోసారి చూసి చెప్పండి.

తార్నాక_పాఠకురాలు:
అంతా బీపీ మీదే పెట్టకండి. మన నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించారు. రెండో భాష మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్లలో కూడా. అమ్మగారు పక్కింటివాళ్లతో ఉర్దూలో కబుర్లు చెబుతారంటే ఆ కబుర్లు సాగనివ్వండి. చెవులూ చూపించండి, వినికిడి తగ్గినా ముప్పు పెరుగుతుంది.

మౌలాలి_అమ్మాయి:
ఇప్పుడే చూశాను. కూర్చున్నప్పుడు 146. నిలబడ్డాక 121. కళ్లు తిరుగుతున్నాయా అని అడిగితే "ఎప్పుడూ ఉండేదేగా" అంది.

బోడుప్పల్_మాస్టారు:
పాతిక పడిందమ్మా. 20 పడితేనే జాగ్రత్తపడాలంటారు. కొత్త మాత్ర మొదలుపెట్టక ముందే ఈ రెండు నంబర్లూ డాక్టర్‌కు చెప్పు.

నల్లకుంట_నివాసి:
ఇక్కడ నేనూ మాస్టారి వైపే. పాత మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఏ మాత్ర, ఏ పూట అన్నది ఈ రీడింగులు చూస్తే డాక్టరే మారుస్తారు.