‘నిద్రలేమి’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: హనుమకొండలో మా కాలనీ ఆరోగ్య శిబిరానికి కరపత్రం రాస్తున్నాను. ఇన్‌సోమ్నియాకు పత్రికల్లో ‘నిద్రలేమి’ అనే రాస్తున్నారు. అదే వాడనా, ఇంకో మాట ఉందా?

జవాబు: నాకైతే సరిపోదనే అనిపిస్తుంది సార్. భూపాలపల్లిలో సింగరేణి నైట్ షిఫ్ట్ దిగి నేరుగా పొలానికి పోయే మనిషిదీ నిద్రలేమే. కానీ ఆయన నడుం వాలిస్తే చాలు, గురక పెడతాడు. ఆయనకు లేనిది తీరిక. పడుకునే వీలు, చోటు ఉండి కూడా నిద్ర రాకపోతేనే డాక్టర్లు ఇన్‌సోమ్నియా అంటారు. మనోళ్లు ‘నిద్ర పడ్తలేదు’ అంటారు చూడండి, జబ్బు సరిగ్గా ఆ మాటలోనే ఉంది. (వేయిస్తంభాల గుడిలో శివరాత్రి జాగారం చేసినవాళ్లకూ ఆ రాత్రి నిద్ర లేనట్టే. వాళ్లను రోగులంటామా!)

ఇందులో మూడు తీర్లు: పడుకున్నాక ఎంతసేపటికీ పట్టకపోవడం, మధ్యలో మెలకువ రావడం, తెల్లారగట్ల లేచి మళ్లీ పట్టకపోవడం. ఒక్కరికే మూడూ ఉండొచ్చు. వారంలో కనీసం 3 రాత్రులు, 3 నెలలు సాగి, పగటి పనికి అడ్డమొస్తే దీర్ఘకాలికం. 3 నెలల లోపైతే స్వల్పకాలికం.

మరొకరు: ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్రుడికి నిద్ర పట్టకనే కదా విదురుణ్ణి పిలిపించింది! ఎవరికి నిద్ర పట్టదో విదురుడు చెప్తాడు: బలవంతుడు మీదికొచ్చిన బలహీనుడు, సొమ్ము పోగొట్టుకున్నవాడు, దొంగతనానికి కాచుకున్నవాడు, కాముకుడు. అంతా కారణాల లెక్కే.

జవాబు: బాగా గుర్తుచేశారన్నా. వైద్యులూ చాలాకాలం కారణాన్ని బట్టే ప్రాథమికం (దానంతటదే వచ్చేది), ద్వితీయం (వేరే జబ్బు వల్ల వచ్చేది) అని విడదీశారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల డీఎస్‌ఎం-5 (మానసిక జబ్బులను గుర్తించే పుస్తకం) ఆ విభజన తీసేసింది. నొప్పితోనో డిప్రెషన్‌తోనో మొదలైనా, అది తగ్గాక కూడా నిద్ర పట్టకపోవడం మిగిలిపోవచ్చు. దానికి విడిగా చికిత్స కావాలి. కాబట్టి కరపత్రంలో ‘టెన్షన్ పోతే నిద్ర అదే వస్తుంది’ అని మాత్రం రాయకండి.

ప్రశ్న: అయితే పైన పెద్దక్షరాల్లో ‘నిద్ర పడ్తలేదా?’ అని పెడతాను. మధ్యలో లేవడాన్ని ‘కలత నిద్ర’ అనొచ్చా?

జవాబు: వద్దు సార్. కలత నిద్ర కూడా నిద్రే. ఇక్కడ మనిషి పూర్తిగా లేచి కూర్చుంటున్నాడు. ‘మధ్యలో మెలకువ’ చాలు.