సిమ్యులేషన్‌లో ఎర్రలైటు దాటే బండిని పెట్టాలా, వద్దా?

కాకినాడ కుర్రాడు:
సివిల్ ఫైనలియర్ ప్రాజెక్టు కోసం మా ఊళ్లో సిగ్నల్ ఉన్న ఒక కూడలిని సుమో అనే, ట్రాఫిక్‌ని కంప్యూటర్‌లో నడిపించి చూసే సాఫ్ట్‌వేర్‌లో గీశానండి. మోడల్‌లో క్యూ బారుగా పెరిగిపోతోంది. మేడ మీంచి మేం తీసిన వీడియోలో అందులో సగం కూడా లేదు. మనవాళ్లు రెడ్ పడ్డాక కూడా పోతారు కదా, అదీ పెట్టమంటున్నాడు మా ఫ్రెండు. గైడు గారు ఒప్పుకోవడం లేదు.

తణుకు నుంచి:
గైడు గారిదే కరెక్టు. టైమింగ్ వేసేది రూలు పాటించేవాళ్ల కోసం. తప్పుని మోడల్‌లోకి తెచ్చి, క్యూ తగ్గింది కాబట్టి గ్రీన్ తగ్గిద్దాం అంటే, బుద్ధిగా ఆగినవాడికి అన్యాయం చేసినట్టే.

కాలవగట్టు:
తణుకు వారి బాధ అర్థమైందండి. కానీ మోడల్‌లో క్యూ అంత పెరగడానికి కారణం రెడ్ దాటేవాళ్లని పెట్టకపోవడం కాదు. సుమోని తయారుచేసింది జర్మనీ వాళ్ల అంతరిక్ష పరిశోధన సంస్థ డీఎల్‌ఆర్. ఏమీ మార్చకపోతే లేన్‌లో బండి వెనక బండినే నిలబెడుతుంది, బైకైనా సరే. మన దగ్గర రెడ్ పడితే బైకులన్నీ సందుల్లోంచి ముందుకొచ్చి స్టాప్ లైను దగ్గర పక్కపక్కన ఆగుతాయి. లేటరల్ రిజల్యూషన్ 0.8 మీటర్లు ఇచ్చి సబ్‌లేన్ మోడల్ ఆన్ చేయండి, అంటే ఒక్కో లేన్‌ని అంత వెడల్పు సన్న చారలుగా విడగొట్టి బండ్లు పక్కపక్కన ఆగేలా చేయడం, బైకులకు విడిగా వెహికల్ టైపు పెట్టండి. క్యూ చాలావరకు దిగొస్తుంది.

ఇక రెడ్. డ్రైవ్ ఆఫ్టర్ రెడ్ టైమ్ అని ఒక పారామీటరు ఉంది. 3 ఇస్తే, ఎర్రలైటు పడి 3 సెకన్లు కాకముందు వచ్చిన బండి ఆగకుండా పోతుంది. ఏమీ ఇవ్వకపోతే ఎవ్వరూ దాటరు. ఇది వాడాల్సిందే. ఆలస్యంగా దూరే బండి మోడల్‌లో లేకపోతే, ఆల్‌రెడ్, అంటే అన్ని వైపులా ఎర్రలైటే ఉండే సమయం, 1 సెకను చాలనిపిస్తుంది. తీరా రోడ్డు మీద స్కూలు ఆటో కూడలి మధ్యలో ఇరుక్కుంటుంది. ఆగినవాడి మేలు కోరే చెబుతున్నాను.

బోర్డుల సంగతి ఎవరూ ఎత్తలేదు. సుమోలో స్పీడు బోర్డంటే లేన్‌కి రాసే వేగమే. కొబ్బరి మట్ట అడ్డొచ్చి బోర్డు కనపడకపోయినా మోడల్‌లో డ్రైవరుకి తెలిసిపోతుంది. మా లాకు దగ్గర ఇరుకు వంతెనకైతే బోర్డూ లేదు, లైటూ లేదు. దాళ్వా కోతలప్పుడు గడ్డి ట్రాక్టరు రెండు పక్కలా రెయిలింగుని రాసుకుంటూ వస్తుంటే, ఎదురుగా బస్సు ఓసారి హెడ్‌లైటు వేసి ఆగిపోతుంది. ట్రాక్టరు వెనకే నాలుగు బైకులు దూరేస్తాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల పుస్తకం ఐఆర్‌సీ 106 ట్రాక్టరు ట్రైలరుని 4 నుంచి 5 కార్ల కింద కడుతుంది. ఆ వంతెన మీద అదొస్తే దారి మూసేసినట్టే.

తణుకు నుంచి:
ఆల్‌రెడ్ మాట ఒప్పుకుంటున్నానండి. కానీ ఆ 3 ఎక్కణ్ణుంచి వచ్చింది? రెడ్ పడ్డాక ఎన్ని బండ్లు, ఎన్నో సెకనులో దాటాయో వీడియోలో లెక్కపెట్టి ఇవ్వాలి. క్యూ కుదిరేదాకా అంకె పెంచుకుంటూ పోతే ఒప్పుకోను.

కాకినాడ కుర్రాడు:
మేం వీడియో తీసింది ఆదివారమండి. సోమవారం స్కూళ్ల టైములో మళ్లీ తీస్తాం. సబ్‌లేన్ ఈ రాత్రికే ఆన్ చేసి చూస్తాను.