‘సంబడీ’ అంటే ఎవరో ఒకరా, కావలసినవాళ్ళా?

సఖినేటిపల్లి రేవు:
మా అమ్మాయి ఇంటరు. ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ వాళ్ళు 1965లో పాడిన ‘హెల్ప్’ పాట వింటూ, మొదట్లో వచ్చే ‘ఐ నీడ్ సంబడీ... నాట్ జస్ట్ ఎనీబడీ’కి తెలుగు చెప్పమంది. ‘ఎవరో ఒకరు కావాలి, ఎవరైనా కాదు’ అన్నాను. ‘రెండూ ఒకటేగా నాన్నా!’ అని నవ్వింది. మరి ఇక్కడ సంబడీ అంటే ఏమిటంటారు?

భీమవరం బుల్లోడు:
పలుకుబడి ఉన్న మనిషండి. ‘హీ ఈజ్ సంబడీ’ అంటారుగా. దీనికింత చర్చ ఎందుకు?

పాత మాస్టారు:
బాబూ, ఆ అర్థం ‘ఈజ్’ పక్కన కుదురుతుంది. ‘నీడ్’ పక్కన అతకదు. ఆపదలో ఉన్నవాడు పలుకుబడి చూస్తాడా? చిక్కంతా ‘జస్ట్’ని వదిలేయడంతో వచ్చింది. ‘ఐ డోంట్ నీడ్ ఎనీబడీ’ అంటే నాకెవరూ అక్కర్లేదు. ‘ఐ డోంట్ నీడ్ జస్ట్ ఎనీబడీ’ అంటే మనిషి కావాలి, కానీ ఎవరు పడితే వాళ్ళు వద్దు. అంత తేడా ఉంది. పాటలో సంబడీ అంటే తగిన మనిషి అనే.

లంక కుర్రోడు:
నేనొప్పుకోను మాస్టారూ. ఓ వరదలో మా నాన్నకి అర్ధరాత్రి ఆయాసం వచ్చింది. దారి మునిగిపోయింది. అమ్మ లాంతరు పట్టుకుని గట్టు మీదికెళ్ళి ‘ఎవరైనా రండయ్యా’ అని కేకేసింది. నిద్రకళ్ళతో ఇద్దరు పిల్లలొచ్చారు. ‘మీరు కాదర్రా, పడవకి గెడ వేసేవాణ్ణి పిలవండి’ అంది. పాటా అంతే. ముందు కేక, తర్వాత దిద్దుబాటు. కేకేసినప్పుడు మనసులో ఫలానా మనిషంటూ లేడు.

సఖినేటిపల్లి రేవు:
మరి అమ్మగారు ‘ఎవరైనా’ అన్నారు కదా, అది ఎనీబడీ అవ్వాలిగా?

పాత మాస్టారు:
అవ్వదు. అలాంటి కేకని ఇంగ్లీషులో ‘సంబడీ హెల్ప్ మీ’ అంటారు. ప్రశ్నలో మాత్రం మారుతుంది. రాత్రి రేవులో ఏరు దాటించే పంటు కోసం చూస్తూ ‘ఈజ్ ఎనీబడీ దేర్’ అంటే ఎవరైనా ఉన్నారా అని. ‘ఈజ్ సంబడీ దేర్’ అంటే, అలికిడైంది, ఎవరో ఉన్నట్టున్నారే అని. మన ఎవరో, ఎవరైనా వాళ్ళ మాటలతో కొంతదూరమే కలిసి నడుస్తాయి. లంక బాబు చెప్పిన దిద్దుబాటు మాట బాగుంది. మొదటి సంబడీ వరకు నేను వెనక్కి తగ్గుతున్నాను.

భీమవరం బుల్లోడు:
ఆ పాట నిజంగానే తన మొర అని, దాన్ని రాసిన బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ తర్వాత ఇంటర్వ్యూలో చెప్పాడండి. అంటే తనని ఎరిగినవాళ్ళే కావాలన్నట్టు కదా?

పాత మాస్టారు:
మొర నిజమైతే అయ్యుండొచ్చు. ఎరిగినవాళ్ళని ఆ మాటలో ఎక్కడుంది?

సఖినేటిపల్లి రేవు:
మా అమ్మాయి చివరికి ఇలా రాసుకుంది: ‘కావలసినవాళ్ళు కావాలి, ఎవరు పడితే వాళ్ళు కాదు.’

లంక కుర్రోడు:
బాగుందండి. కానీ మా వైపు కావలసినవాళ్ళంటే చుట్టాలు. ఆ రాత్రి చుట్టాలు దిగితే గెడ ఎవరు వేస్తారండీ, ఆయ్!