బుడ్వార్ ఫోటోలు తీయించుకుంటే ఒంటి మీద బెరుకు పోతుందా?

ప్రశ్న వేసినవారు (నెల్లూరు)

నాకు 38 ఏళ్లు. రెండు సిజేరియన్ల తరువాత మిగిలిన చారలను, కోత మచ్చను చూసుకోలేక, మాగుంట లేఅవుట్‌లోని మా ఇంట్లో నిలువుటద్దం మీద పాత చీర కప్పేశాను. గదిలో ఏకాంతంగా, పలుచని చీరతోనో కొద్దిపాటి దుస్తులతోనో, ఎవరికోసమూ కాకుండా తనకోసమే తీయించుకునే బుడ్వార్ ఫోటోలతో ఈ బెరుకు తగ్గుతుందని బెంగళూరులోని మా చెల్లెలు అంటోంది. గుట్టుగా ఉండాల్సినదాన్ని డబ్బిచ్చి బయట పెట్టుకోవడమేమిటని మా వదిన కోప్పడింది. మీరేమంటారు?

కావలి అధ్యాపకురాలు

మీ వదినగారి కారణం నాది కాదు గాని, నేనూ వద్దనే అంటాను. ఎదుటివారి చూపుతో తన ఒంటిని తానే తనిఖీ చేసుకోవడం అలవాటైన స్త్రీలో సిగ్గు, ఆందోళన పెరుగుతాయని ఫ్రెడ్రిక్సన్, రాబర్ట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో ప్రతిపాదించారు. అద్దానికే భయపడుతున్న మనిషిని తీసుకువెళ్లి కెమెరా ముందు నిలబెడితే, ఆ తనిఖీకి మరో కన్ను తోడవుతుందే తప్ప తగ్గుతుందా? పైగా మేకప్ వేసి, చారలు చెరిపేసి ఇచ్చిన ఫోటోను మెచ్చుకోవడమంటే, లేని ఒంటిని మెచ్చుకోవడమే కదా.

ఒంగోలు ఫోటోగ్రాఫర్

చెరిపేయడం గురించి మేడమ్ గారు అన్నది నిజం. మా వృత్తిలో జరుగుతున్న పెద్ద తప్పు అదే. అయితే నేను చూసినది కూడా చెప్పాలి. కెమెరా వెనుక తెర మీద మొదటి ఫోటో చూపించగానే దాదాపు ప్రతి ఒక్కరూ వేలితో పెద్దది చేసి నేరుగా పొట్టనే చూస్తారు. ఒకామె అలాగే నాలుగైదు ఫోటోలు చూసి, ఆరో ఫోటో దగ్గర ఆగి, "నా మెడ మా అమ్మ మెడలా ఉందే" అన్నారు. ఆ తరువాత పొట్ట వైపు చూడలేదు. దీన్ని వైద్యం అని నేను అనను. భర్త అడిగాడని వచ్చినవారిని మాత్రం వెనక్కి పంపుతాను, ఎందుకంటే అప్పుడు ఆ ఫోటో ఆమెది కాదు.

ఇక గుట్టు సంగతి. కార్డులోంచి ఫోటోలు తీసేశామని ఎవరైనా చెబితే నమ్మకండి. తీసేసినవాటిని కూడా సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు వెనక్కి రప్పించవచ్చు. అందుకే కొత్త మెమరీ కార్డు కొనుక్కుని రమ్మంటాను, తీయడం అయ్యాక దాన్ని వారి చేతికే ఇచ్చేస్తాను.

నెల్లూరు న్యాయవాది

క్లుప్తంగా చెబుతాను. ఇలాంటి ఫోటోలు తీయడానికి ఒప్పుకుని, ఇతరులకు పంపడానికి ఒప్పుకోని సందర్భంలో పంపితే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం అది నేరం. మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్ల జైలు, జరిమానా. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తీయించుకున్నవారే హక్కుదారు. కాబట్టి స్టూడియోవారు ఇచ్చే కాగితంలో "ప్రచారానికి వాడుకోవచ్చు" అన్న వాక్యం ఉందేమో చదివిగాని సంతకం పెట్టకండి.

కావలి అధ్యాపకురాలు

కార్డు పద్ధతి బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయినా మెడ నచ్చిన ఆమె ఇంటికి వెళ్లాక, ఆరు నెలల తరువాత అద్దంలో ఏం చూసుకున్నారో మనకు తెలియదు కదా.

ప్రశ్న వేసినవారు

ఫోటోగ్రాఫర్ గారూ, నా కోత మచ్చను చెరపకుండా తీస్తారా?

ఒంగోలు ఫోటోగ్రాఫర్

తీస్తానమ్మా. కిటికీకి ఎదురుగా కూర్చుంటే వెలుతురు సూటిగా పడి మచ్చ, చారలు అంతగా తెలియవు; పక్కకు తిరిగితే ప్రతి గీతా నీడతో సహా కనిపిస్తుంది. ఎటు తిరిగి కూర్చోవాలో ఆ రోజు మీరే చెప్పండి.